చేబదులు

షార్జా, అల్ నహ్దా, ఏడో అంతస్తు.
ఒక ఫ్లాటు, ప్లైవుడ్‌తో మూడు ముక్కలు.
నాది కిటికీ లేని ముక్క.
మంచాలు ఆరు, మేం ఎనిమిదిమందిమి.
నైట్ డ్యూటీ పోశెట్టి పగలు పడుకునే పరుపు మీదే
రాత్రి సువర్ణరాజు పడుకుంటాడు.
ఆ పరుపు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది.

నేను చిప్పులో తీగలు సర్దుతాను.
వేలిగోరు మీద పట్టే ఊరు అది.
నూటికి తొంభైనాలుగు పాళ్ళు నిండిపోయింది,
మిగతా ఆరూ తీగలు మలుపు తిరగడానికి.
ఈ వారం తెర మీద అరవైమూడు ఎర్రగీతలు:
అరవైమూడు కబుర్లు
క్లాకు కొట్టే వేళకి గడప చేరడం లేదు.
అన్నిటికన్నా వెనకబడ్డదానికి నలభై పికోసెకన్ల ఆలస్యం.
ఆ నలభైని ఒక సెకను అనుకుని కొలిస్తే
ఒక్క రెప్పపాటు డెబ్బై ఎనభై ఏళ్ళు.

రీమా మేడం, బీరూట్ మనిషి,
కాఫీ కప్పు నా బల్ల మీద పెట్టి అంది:
"బఫర్లు పెట్టకు. గోడ జరగదు."
ఒక్క చదరపు మైక్రాను కూడా ఇవ్వదట.
మా ఫ్లాటు ఓనరు అచ్చం ఇదే గొంతుతో అంటాడు.

సరే, చోటు అడగని పనులే చేశాను.
అదే కొలతలో చురుకైన సెల్లుని
పాతదాని గుంటలో కూర్చోబెట్టాను.
పరిగెడుతుంది గానీ కారుతుంది, వాషరు పోయిన కుళాయిలా.
అందుకే పొదుపుగా, పదకొండు చోట్ల.
ఆలస్యంగా వచ్చే కబురుకి దగ్గరి గుమ్మం ఇచ్చాను,
తొందరలేనిదాన్ని దూరపు గుమ్మానికి పంపాను.
నేషనల్ పెయింట్స్ దగ్గర ఇరుక్కున్న బస్సులా
కింది పొరల్లో నలుగుతున్న పొడుగు తీగని
పై లోహానికి ఎక్కించాను.
గీతలు ఒక్కొక్కటే చల్లారాయి.
ఒకటి మిగిలింది. ఆ నలభైదే.

తెల్లారి అయిదున్నరకి మా బాత్రూము ముందు వరస.
నా బస్సు ఆరుంబావుకి. ఆ వారం మూడుసార్లు తప్పింది.
పోశెట్టి ఆ రోజు డ్యూటీ దిగి త్వరగా వచ్చేశాడు
(అదీ తప్పే, సువర్ణరాజు ఇంకా లేవలేదు),
బూట్లు చేత్తో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి అన్నాడు:
"నీ ఎనుక ఖాజానే గదా బిడ్డా,
ఆయన బేకరీ ఎనిమిదింటికి.
పది నిమిషాలు ఆయనను ఆగుమను.
నువ్వు నిమ్మళంగ తానం చెయ్యి."

ఆఫీసుకి పోయి అదే చేశాను.
ఆ కబురు చేరాల్సిన ఫ్లాపుని
క్లాకు చెట్టులో ఉన్న దూరపు కొమ్మకి కట్టాను,
గంట అక్కడ నలభై ఆలస్యంగా వినబడేలా.
తర్వాతి మెట్టులో అరవై ఊరికే పడున్నాయి,
ఇరవై మిగుల్చుకుని ఇచ్చేసింది.
పోశెట్టి గుర్తొచ్చి
మరీ ముందొచ్చేవాటినీ చూశాను:
పాత కబురు లేవకముందే
కొత్తది పరుపెక్కకూడదు.
తెర పచ్చబడింది. చిప్పు వెంట్రుకవాసి పెరగలేదు.
రీమా మేడం ఖర్జూరం డబ్బా తెరిచింది.

ఫ్లాటులోనూ కుదిరింది.
చేబదులే కదా, వడ్డీ ఉండదనుకున్నాను.

తొమ్మిదో రోజు బ్యాడ్జి మరిచి వెనక్కి వస్తే
బాల్కనీలో ఖాజా,
తల నున్నగా దువ్వుకుని, ఫోను మొహానికెదురుగా పట్టుకుని.
రింగు పోతోంది, పోతోంది.
కడపలో అప్పుడు ఏడూ నలభైఆరు.
ఏడూ నలభైకల్లా
వాళ్ళ పాప బడి ఆటో ఎక్కేస్తుంది.
స్నానం చేయకుండా, పిండి మరకలతో
బిడ్డకి కనబడడు ఆయన.

నన్ను చూసి ఫోను జేబులో వేసుకున్నాడు.
"ఏం మర్చిపోయినావు? పో పో, బస్సు పోతాది."

బస్సు పోయింది.

నా తెర మీద ఆ అరవైని మిగులు అంటారు.
ఎవరిదని ఎక్కడా రాసి ఉండదు.

రాత్రి ప్లైవుడ్ గోడ మీద
పెన్సిలుతో వరస మళ్ళీ రాస్తున్నాను.
ఖాజాని నా ముందుకి జరిపాను.
సువర్ణరాజు దగ్గర ఏడు నిమిషాలు కనిపిస్తున్నాయి.
తీసుకునేముందు
అవి దేనికో అడగాలి.